వరుస విజయాల వెనుక ఏముంది? హాకీ అభిమాని ఆశకు అసలు ఆధారాలు

2025 సెప్టెంబరు 7న బిహార్‌లోని రాజ్‌గిర్‌లో భారత పురుషుల హాకీ జట్టు దక్షిణ కొరియాను 4-1 తేడాతో ఓడించి నాలుగోసారి ఆసియా కప్‌ను గెలుచుకుంది. ఆ ఒక్క విజయంతో 2026 ప్రపంచ కప్‌లో చోటు కూడా ఖాయమైంది. టోర్నీలో ఆడిన ఏడు మ్యాచ్‌ల్లో ఆరింట గెలిచి, ఒక్కటి మాత్రమే డ్రా చేసుకున్న జట్టు మీద అభిమానులు గట్టి ఆశలు పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ఆశ కేవలం గెలుపుల లెక్క మీద నిలబడిందా, లేక ఆటలో వచ్చిన మార్పు మీద నిలబడిందా అనేది వేరే ప్రశ్న. ఈ రెండింటిలో మొదటిది ఒక్క ఓటమితో కూలిపోతుంది. రెండోది రెండు మూడు ఓటములను కూడా తట్టుకోగలదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రికెట్‌ను చూసేవారితో పోలిస్తే హాకీని శ్రద్ధగా అనుసరించేవారు కొద్దిమందే. అయినా దేశంలో అగ్రశ్రేణి హాకీ జరిగే చోటుకు ఆంధ్రప్రదేశ్‌లో అందరికన్నా దగ్గరగా ఉన్నది వీరే. ఇచ్ఛాపురం వాసికి విశాఖపట్నం కన్నా భువనేశ్వరే దగ్గర. విజయనగరం జంక్షన్‌లో బయలుదేరి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పుర్ మీదుగా సాగే రైలు మార్గం రూర్కెలాకు చేరుస్తుంది. 2018, 2023 ప్రపంచ కప్‌లు రెండూ ఒడిశాలోనే జరిగాయి. 2018 నుంచి జాతీయ పురుషుల, మహిళల జట్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే స్పాన్సర్‌గా ఉంది, ఆ ఒప్పందాన్ని 2036 వరకు పొడిగించింది. కనుక ఈ ప్రాంతపు అభిమానికి జట్టు బాగోగులు దూరదేశపు వార్తల్లా కాక, పొరుగింటి విషయాల్లా తెలుస్తూ ఉంటాయి. ఆ దగ్గరితనం వల్ల ఆశ త్వరగా చిగురించడమూ, అంతే త్వరగా వాడిపోవడమూ కూడా జరుగుతుంటుంది.

రాజ్‌గిర్ విజయానికి మూడు నెలల ముందు ఇదే జట్టు పరిస్థితి పూర్తిగా వేరు. 2025 జూన్‌లో మేటి దేశాల జట్లు తలపడే ప్రొ లీగ్ మ్యాచ్‌ల కోసం యూరప్ వెళ్లిన భారత్ వరుసగా ఏడు మ్యాచ్‌లు ఓడింది. నెదర్లాండ్స్, అర్జెంటీనా, ఆస్ట్రేలియా చేతుల్లో రెండేసి సార్లు ఓడి, ఆ పైన బెల్జియం చేతిలో 3-6తో దెబ్బతింది. చివరి మ్యాచ్‌లో బెల్జియంపై 4-3తో గెలవడంతో కొంత పరువు దక్కినా, తొమ్మిది జట్ల లీగ్‌లో ఎనిమిదో స్థానంతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సారథి హర్మన్‌ప్రీత్ సింగ్ అప్పుడూ ఉన్నాడు, ఆ తర్వాతా ఉన్నాడు. కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ కూడా మారలేదు. ఆటగాళ్లలో ఎక్కువమంది వాళ్లే. తొంభై రోజుల్లో ఒక జట్టు అధమం నుంచి ఉత్తమానికి మారిపోదు కాబట్టి, మారిందేమిటో వెతకాలి. ప్రధానంగా మారింది ప్రత్యర్థులు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ ఏడు ఓటముల్లో ఆరు ఒక్క గోల్ తేడాతో వచ్చినవే, వాటిలో కొన్నింటిలో ఫలితాన్ని తేల్చిన గోల్ చివరి నిమిషాల్లో పడింది. ప్రపంచంలోని మేటి జట్లతో యూరప్ మైదానాల్లో ఆడుతూ ఒక్కో గోల్ తేడాతో ఓడటం బాధ కలిగించే విషయమే కానీ, నిరాశపడాల్సిన విషయం కాదు. ఓటమి పరంపరగా చరిత్రలో నమోదైన ఆ నెలలో, ఆసియా స్థాయి టోర్నీలో గెలిపించగల ఆట దాగి ఉందని సెప్టెంబరులో రుజువైంది.

దీనికి తలకిందులైన ఉదాహరణ అంతకు ముందు ఏడాదిలోనే దొరుకుతుంది. 2024 సెప్టెంబరులో చైనాలోని హులున్‌బుయిర్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీలో భారత్ ఆడిన ఏడు మ్యాచ్‌లనూ గెలిచింది. జపాన్‌పై 5-1, మలేసియాపై 8-1, సెమీఫైనల్లో కొరియాపై 4-1 అంటూ స్కోర్లు చూస్తే ఎదురులేని జట్టనిపిస్తుంది. ఫైనల్లో చైనాను ఓడించడానికి మాత్రం 51వ నిమిషంలో జుగ్‌రాజ్ సింగ్ కొట్టిన ఒకే ఒక్క గోల్ అవసరమైంది. నెల రోజులు దాటాక ఢిల్లీలో జర్మనీతో జరిగిన రెండు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి మ్యాచ్‌ను అదే భారత్ 0-2తో పోగొట్టుకుంది. మరునాడే 5-3తో గెలిచింది, కానీ సిరీస్‌ను తేల్చిన షూటౌట్‌లో (ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోల్ కీపర్‌ను ఎదుర్కొనే పోటీలో) ఓడింది. ఏడు వరుస విజయాల ఫామ్ జర్మనీ ముందు మొదటి రోజు పనిచేయలేదు, ఆ ఓటమి రెండో రోజు ఆటను ఆపనూ లేదు.

2024 ఏప్రిల్‌లో పెర్త్‌లో ఆస్ట్రేలియా చేతిలో అయిదింటికి అయిదు మ్యాచ్‌లు ఓడిపోయి వచ్చిన జట్టు, ఆగస్టు 2న ప్యారిస్ ఒలింపిక్స్‌లో అదే ఆస్ట్రేలియాను 3-2తో ఓడించింది. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై భారత్ గెలవడం 1972 తర్వాత అదే మొదటిసారి. ఏప్రిల్ ఫలితాలను బట్టి ఆగస్టును అంచనా వేసినవారెవరూ ఆ ఫలితాన్ని ఊహించి ఉండరు.

ఇలా జరగడానికి ఆట స్వభావంలోనే కారణముంది. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లలో, మొత్తం అరవై నిమిషాల్లో, సమఉజ్జీల మధ్య పడే గోల్స్ సాధారణంగా నాలుగైదుకు మించవు. అందులో ఒకటి కర్రకు తగిలి దారి మళ్లిన బంతి కావచ్చు, మరొకటి అంపైర్ నిర్ణయం మీద వచ్చిన, గోల్ కీపర్ ఒక్కడే అడ్డుకోవాల్సిన పెనాల్టీ స్ట్రోక్ కావచ్చు. గోల్స్ తక్కువగా పడే ఆటలో ఒక్క గోల్ విలువ ఎంత పెరుగుతుందో, ఫలితంలో అదృష్టం పాలు కూడా అంత పెరుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు బాగా తెలిసిన వెయిట్‌లిఫ్టింగ్‌తో పోల్చితే ఈ తేడా స్పష్టమవుతుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించింది. ఆ 240 కిలోలు ఏ ప్రత్యర్థి బలాబలాల మీదా ఆధారపడలేదు. కొండవెలగాడలో సాధన చేసే అమ్మాయి ఈ నెల ఎంత ఎత్తిందో, పోయిన నెల ఎంత ఎత్తిందో పక్కపక్కన పెడితే ఆమె ఫామ్ కిలోల్లో కనబడుతుంది. హాకీలో అలాంటి కొలబద్ద లేదు. 4-1 అనే అంకె అవతలి జట్టు ఎవరో తెలిసే వరకు ఏమీ చెప్పదు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య 2020 నుంచి అమలు చేస్తున్న ర్యాంకింగ్ పద్ధతి కూడా ఈ సత్యాన్ని గుర్తించింది. బలమైన జట్టుపై గెలిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీన జట్టుపై గెలిస్తే తక్కువ పాయింట్లు రావడం అందులోని మూల సూత్రం.

గెలుపు ఓటముల లెక్క ఎంత మోసం చేయగలదో 2023 ప్రపంచ కప్ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. ఉత్తరాంధ్ర అభిమానికి అది మరింత దగ్గరి జ్ఞాపకం, ఎందుకంటే అదంతా రూర్కెలా, భువనేశ్వర్‌లలోనే జరిగింది. కొత్తగా కట్టిన బిర్సా ముండా స్టేడియంలో భారత్ స్పెయిన్‌ను 2-0తో ఓడించింది, ఇంగ్లండ్‌తో 0-0గా డ్రా చేసుకుంది, భువనేశ్వర్‌లో వేల్స్‌ను 4-2తో ఓడించింది. ఇంగ్లండ్‌కూ భారత్‌కూ ఏడేసి పాయింట్లే వచ్చినా, వేల్స్‌పై అయిదు, స్పెయిన్‌పై నాలుగు గోల్స్ కొట్టి ఒక్కటి కూడా ఇవ్వని ఇంగ్లండ్ గోల్స్ తేడాతో గ్రూపులో మొదటి స్థానం దక్కించుకుని నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. భారత్ క్వార్టర్ ఫైనల్ చోటు కోసం క్రాస్‌ఓవర్ మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. అక్కడ న్యూజిలాండ్‌పై ముందు 2-0, తర్వాత 3-1 ఆధిక్యం సంపాదించి కూడా 3-3 వద్ద ఆగిపోయి, షూటౌట్‌లో 4-5తో ఓడింది. ఆ తర్వాత స్థానాల కోసం ఆడిన మ్యాచ్‌ల్లో జపాన్‌ను 8-0తో, దక్షిణాఫ్రికాను 5-2తో చిత్తు చేసింది. అంటే మొత్తం టోర్నీలో నిర్ణీత సమయంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోని జట్టు తొమ్మిదో స్థానంలో నిలిచింది. అప్పటి కోచ్ గ్రాహమ్ రీడ్ రాజీనామా చేశాడు. స్కోర్లను మాత్రమే చూస్తే ఆ జనవరిలో భారత్ మంచి ఫామ్‌లోనే ఉంది. గోల్ అవకాశాలను గోల్స్‌గా మార్చలేకపోవడం, ఆధిక్యాన్ని కాపాడుకోలేకపోవడం అనే రెండు లోపాలను ఆ స్కోర్లు చివరి వరకు దాచి ఉంచాయి.

కాబట్టి అభిమాని చూడాల్సింది గోల్స్ ఎక్కడి నుంచి వస్తున్నాయనేది. దాదాపు పదేళ్లుగా భారత జట్టు బలమూ బలహీనతా రెండూ పెనాల్టీ కార్నర్‌లోనే ఉన్నాయి. ప్రత్యర్థి తన గోల్ ముందుండే ‘డి’ ఆకారపు గీత లోపల తప్పు చేసినప్పుడు దక్కే ఈ అవకాశంలో, గోల్ కీపర్‌తో కలిపి అయిదుగురు మాత్రమే అడ్డుకోవడానికి గోల్ లైన్ వెనుక నిలబడతారు, మిగతావారు మైదానం మధ్య గీత అవతలకు వెళ్లిపోవాలి. బంతిని లోపలికి నెట్టేవాడు, ‘డి’ అంచున ఆపేవాడు, బంతిని కర్రతో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌తో గోల్‌లోకి పంపేవాడు కలిసి చేసే ఈ పని రెండు మూడు సెకన్లలో ముగిసిపోతుంది. హర్మన్‌ప్రీత్ సింగ్ ప్రపంచంలోని అత్యుత్తమ డ్రాగ్ ఫ్లికర్లలో ఒకడు. ప్యారిస్‌లో కాంస్యం గెలిచిన భారత్ ఎనిమిది మ్యాచ్‌ల్లో మొత్తం 15 గోల్స్ కొడితే, అందులో 10 అతనివే. ఒలింపిక్స్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు కూడా అతనే. స్పెయిన్‌తో కాంస్య పోరులో 2-1 గెలుపుకు కారణమైన రెండు గోల్స్ కూడా అతని కర్ర నుంచే వచ్చాయి.

ఆ అంకెను గర్వంతో చూడవచ్చు. కానీ మూడింట రెండు వంతుల గోల్స్ ఒకే ఆటగాడి నుంచి, అందునా పెనాల్టీ కార్నర్, పెనాల్టీ స్ట్రోక్ అనే రెండు మార్గాల నుంచి వస్తున్నప్పుడు, ఎదుటి జట్టు ఆ మార్గాలను మూస్తే చాలు. ఇదే ప్రమాణంతో రాజ్‌గిర్ ఆసియా కప్‌ను చూస్తే, ఆశకు నిజమైన ఆధారం ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి మ్యాచ్‌లో చైనాపై భారత్ 4-3తో అతి కష్టం మీద గట్టెక్కింది. నాలుగు గోల్సూ పెనాల్టీ కార్నర్ల నుంచే వచ్చాయి, వాటిలో మూడు హర్మన్‌ప్రీత్‌వి. సూపర్ ఫోర్ దశలో అదే చైనా మళ్లీ ఎదురైనప్పుడు భారత్ 7-0తో గెలిచింది. ఆ ఏడు గోల్స్‌ను ఆరుగురు పంచుకున్నారు. శిలానంద్ లక్రా, దిల్‌ప్రీత్ సింగ్, మన్‌దీప్ సింగ్, రాజ్‌కుమార్ పాల్, సుఖ్‌జీత్ సింగ్ ఒక్కొక్కటి, అభిషేక్ రెండు కొట్టారు. ఆ జాబితాలో సారథి పేరే లేదు. వారం రోజులు దాటీదాటక ముందే అదే ప్రత్యర్థిపై వచ్చిన మార్పు ఇది కాబట్టి, ప్రత్యర్థి బలహీనత వల్ల వచ్చిందని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఫైనల్లో కొరియాపై మొదటి నిమిషంలోనే సుఖ్‌జీత్, ఆ తర్వాత దిల్‌ప్రీత్ రెండు ఫీల్డ్ గోల్స్ (పెనాల్టీల నుంచి కాక ఆట సాగుతుండగా వచ్చేవి) చేశాక నాలుగోది అమిత్ రోహిదాస్ పెనాల్టీ కార్నర్ నుంచి కొట్టాడు. ఏడు మ్యాచ్‌ల్లో 39 గోల్స్ అనే మొత్తం మాత్రం పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే అందులో 15 కజకిస్థాన్‌పై వచ్చినవి. పెనాల్టీ కార్నర్ లేకపోయినా గోల్ చేయగల ఫార్వర్డ్‌లు అయిదారుగురు ఒకే సమయంలో కుదురుకోవడమే ఆ టోర్నీలో అసలైన శుభవార్త.

రక్షణ విషయంలోనూ ఇలాంటి సూక్ష్మమైన మార్పే కనబడింది. మొదటి రెండు మ్యాచ్‌ల్లో అయిదు గోల్స్ ఇచ్చిన భారత్, మిగిలిన అయిదు మ్యాచ్‌ల్లో కలిపి ఇచ్చినవి నాలుగే. ఫుల్టన్ 2023లో బాధ్యతలు తీసుకున్నప్పటి నుంచి రక్షణనే గెలుపుకు పునాదిగా భావిస్తూ వచ్చాడు. ఆ ఆలోచన ఫలితం ప్యారిస్ క్వార్టర్ ఫైనల్లో అందరికీ తెలిసింది. బ్రిటన్‌తో ఆ మ్యాచ్ 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ రెడ్ కార్డుతో బయటికి వెళ్లాక, మిగిలిన నలభైకి పైగా నిమిషాలు భారత్ పదిమందితోనే ఆడి 1-1 వద్ద నిలబడి, షూటౌట్‌లో 4-2తో గెలిచింది. పెనాల్టీ కార్నర్లను అడ్డుకోవడానికి గోల్ లైన్ నుంచి బంతికి ఎదురుగా మొట్టమొదట దూసుకెళ్లే ఆటగాడు రోహిదాసే. ఒక మ్యాచ్ నిషేధం వల్ల అతను జర్మనీతో సెమీఫైనల్‌కు దూరమయ్యాడు. ఆ మ్యాచ్‌ను భారత్ 2-3తో పోగొట్టుకుంది, జర్మనీ గోల్స్‌లో ఒకటి పెనాల్టీ కార్నర్ మీద గోంజాలో పెయాట్ చేసిందే. ఒక్క ఆటగాడు లేకపోతే ఒక విభాగమంతా ఎలా సడలుతుందో ఆ రోజు తెలిసింది. ప్యారిస్‌తో పి.ఆర్. శ్రీజేశ్ వైదొలగాక గోల్ కీపింగ్ బాధ్యత కృషన్ బహదూర్ పాఠక్, సూరజ్ కర్కేరాల మీద పడింది. షూటౌట్ల వరకు వెళ్లే నాకౌట్ మ్యాచ్‌ల్లో వాళ్లు ఎలా రాణిస్తారన్నదే, నిజం చెప్పాలంటే, ఈ జట్టు విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

ఇక్కడ విజయనగరంతో ముడిపడిన ఒక పాత జ్ఞాపకం ప్రస్తావించదగినది. 1936 వేసవిలో విజయనగరం రాజకుమారుడు విజ్జీ సారథ్యంలో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు మూడు టెస్టుల సిరీస్‌ను 0-2తో కోల్పోయింది. అదే వేసవిలో ధ్యాన్‌చంద్ సారథ్యంలో భారత హాకీ జట్టు బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అక్కడ దిగిన కొద్ది రోజులకే, జులైలో, జర్మనీతో ఆడిన సన్నాహక మ్యాచ్‌లో 1-4తో ఓడింది. 1928, 1932 ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు గెలిచిన దేశానికి అది ఊహించని దెబ్బ. జట్టు ఆ ఓటమిని దురదృష్టంగా తీసుకోలేదు. ముందు వరుసలో లోటు ఉందని గుర్తించి, అలీ దారాను స్వదేశం నుంచి హడావుడిగా పిలిపించింది. అతను సెమీఫైనల్ నాటికి చేరుకున్నాడు. భారత్ ఆ సెమీఫైనల్లో ఫ్రాన్స్‌ను 10-0తో ఓడించి, ఆగస్టు 15న జరిగిన ఫైనల్లో అదే జర్మనీని 8-1తో మట్టికరిపించింది. జులై ఫలితం ఆగస్టు ఫలితాన్ని చెప్పలేదు. జులైలో బయటపడిన లోపాన్ని సరిదిద్దుకున్న తీరు చెప్పింది.

మహిళల జట్టు అనుభవమూ ఇదే. 2024 నవంబరులో రాజ్‌గిర్‌లోనే చైనాను 1-0తో ఓడించి ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచిన జట్టు, ఆ తర్వాతి ప్రొ లీగ్‌లో అట్టడుగుకు చేరి కింది స్థాయి నేషన్స్ కప్‌కు దిగజారింది. 2025 ఆసియా కప్ ఫైనల్లో చైనా చేతిలోనే 1-4తో ఓడింది. ఒక్క గోల్‌తో గెలిచిన ఫైనల్‌ను చూసి ఆ జట్టు చైనాను దాటిపోయిందనుకున్నవారికి ఆ ఏడాది చాలా కష్టంగా గడిచింది.

ఫామ్‌కన్నా లోతైన ఆధారం మరొకటుంది, అది కొత్తతరం. శ్రీజేశ్ కోచ్‌గా 2025 డిసెంబరులో చెన్నైలో ముగిసిన జూనియర్ ప్రపంచ కప్‌లో భారత్ సెమీఫైనల్లో జర్మనీ చేతిలో 1-5తో ఘోరంగా ఓడినా, కాంస్య పోరులో అర్జెంటీనాపై 0-2 వెనుకబాటు నుంచి చివరి క్వార్టర్‌లో నాలుగు గోల్స్ కొట్టి 4-2తో గెలిచింది. ఈ రెండు ఫలితాలనూ విడివిడిగా కాక కలిపి చదవాలి. యూరప్‌లోని మేటి జట్టుకూ మనకూ మధ్య అంతరం కుర్రవాళ్ల స్థాయిలోనూ ఉందని మొదటిది చెబుతుంది. అలసిపోవాల్సిన చివరి పావుగంటలో ఆటను తిప్పగల దేహదారుఢ్యమూ, మనసు నిబ్బరమూ వీళ్లకున్నాయని రెండోది చెబుతుంది. 2024 డిసెంబరు చివర్లో మళ్లీ మొదలైన హాకీ ఇండియా లీగ్ ఈ అంతరాన్ని తగ్గించే పని చేస్తోంది. ఆ సీజన్ ఫైనల్‌కు హైదరాబాద్ తూఫాన్స్ చేరి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది. తెలుగు నగరం పేరు మోసే జట్టు ఫైనల్ ఆడటం ఇక్కడి అభిమానులకు సంతోషం కలిగించింది. దానికన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. ప్యారిస్‌లో భారత్‌పై గోల్ చేసిన పెయాట్ లాంటి ఆటగాళ్లతో మన కుర్రాళ్లు నెల రోజులు ఒకే శిబిరంలో ఉండి, వారి ఎత్తుగడలను దగ్గరి నుంచి నేర్చుకోగలిగారు.

ఈ ఆశలన్నీ పరీక్షకు నిలిచేది యూరప్ గడ్డ మీదే. 2026 ప్రపంచ కప్‌కు ఆగస్టు 15 నుంచి 30 వరకు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టల్‌వీన్, బెల్జియంలోని వావ్ర్ వేదికలుగా ఖరారయ్యాయి. 2025 జూన్‌లో భారత్‌ను ఓడించిన ఆతిథ్య జట్లు ఈ రెండే. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌ను 2-1తో ఓడించి కప్ గెలిచాక భారత్ ప్రపంచ కప్ సెమీఫైనల్‌కు ఒక్కసారి కూడా చేరలేదు. ప్రపంచ కప్ ముగిసిన మూడు వారాల లోపే, సెప్టెంబరు 19న, జపాన్‌లోని ఐచి-నగోయాలో ఆసియా క్రీడలు మొదలవుతాయి. అక్కడ స్వర్ణం గెలిస్తే 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు నేరుగా చోటు దొరుకుతుంది. అంత తక్కువ వ్యవధిలో రెండు పెద్ద పోటీలు ఆడాలంటే పదకొండు మంది ఫామ్ సరిపోదు, ఇరవై అయిదు మంది సిద్ధంగా ఉండాలి. అందుకే వాటికి ముందు జరిగే ప్రతి మ్యాచ్‌లో స్కోరుతో పాటు కొన్ని వివరాలు గమనించడం అవసరం. హర్మన్‌ప్రీత్ బయట ఉన్న నిమిషాల్లో పెనాల్టీ కార్నర్ ఎవరు తీసుకుంటున్నారు, రోహిదాస్ లేనప్పుడు మొదట దూసుకెళ్లేది ఎవరు, ఒక్క గోల్ ఆధిక్యంతో ఉన్న ఆఖరి అయిదు నిమిషాల్లో బంతి ఎవరి అర్ధభాగంలో తిరుగుతోంది, ఇద్దరు గోల్ కీపర్లలో షూటౌట్‌కు ఎవరిని నిలబెడుతున్నారు అనేవి ఆ వివరాలు. ఆ మ్యాచ్‌ల్లో కొన్ని ఓటములుగా ముగిసినా, ఈ ప్రశ్నలకు మంచి సమాధానాలు దొరుకుతున్నట్లయితే, రాజ్‌గిర్‌లో మొదలైన ఆశను వదులుకోవాల్సిన అవసరం అభిమానికి ఉండదు.